ముందు చెప్పింది ఎడ్లే

(కందుకూరులో ఒక ఆదివారం సాయంత్రం రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ ఒకాయన మాట్లాడింది, ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. మధ్యలో కరెంటు పోయి జనరేటర్ వేసినప్పుడు మాట వినపడలేదు, ఆ ముక్క వదిలేశాం.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించబ్బాయ్... ఆ, చాలు. నన్ను పిలిచినోళ్ళు మైక్రోప్లాస్టిక్స్ మీద ఒక గంట మాట్లాడండి మాస్టారూ, జనానికి కొంచెం భయం పెట్టండి అన్నారు. భయం పెట్టడం నాకు చాతకాదు, ముప్పై ఏళ్ళు పాఠం చెప్తే క్లాసులో ఒక్క పిలగాడు కూడా భయపడలా. అందుకని నీళ్ళ దగ్గర మొదలుపెడతా, ప్లాస్టిక్ దానంతటదే వస్తది మధ్యలో.

ముందు వరసలో కూచున్నోళ్ళకి నా పళ్ళు కనపడతానే ఉంటాయి. గోధుమ రంగు చారలు. వక్కాకూ కాదు, బీడీ కాదు, నేను పుట్టింది కనిగిరి అవతల ఒక పల్లెలో, ఆ బావి నీళ్ళు తాగి పెరిగా. మా ఊళ్ళో అందరియ్యీ ఇవే పళ్ళు గాబట్టి ఇది జబ్బని కూడా తెల్దు మాకు, ఒంగోలు కాలేజీకి పోయి హాస్టల్లో చేరాక తెల్లటి పళ్ళోళ్ళని చూసి వీళ్ళకేందబ్బా ఇట్టా ఉండాయి అనుకున్నా. మా తాతైతే మెడ తిప్పలేడు, ఎవరన్నా పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. ముసలితనం అనుకున్నాం. ఆయనకి అప్పటికి అరవై కూడా లేవు.

ఫ్లోరైడ్ అని మీకందరికీ తెలుసు. కానీ ఒక సంగతి చానామందికి తెల్దు. మన దేశంలో తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, నరాలు దెబ్బతింటాయని డాక్టర్లు మొదటిసారి పేపరు రాసింది 1937లో, షార్ట్ అనే ఆయన ఇంకో ముగ్గురితో కలిసి, అది మన నెల్లూరు జిల్లా మనుషుల్ని చూసే. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి, ఈ కందుకూరు అంతా నెల్లూరే గదా, 1970లోనే గదా ఒంగోలు జిల్లా అని విడిపోయింది, ప్రకాశం పేరు తర్వాత పెట్టారు, మన కందుకూరునైతే అటూ ఇటూ మారుస్తానే ఉండారు, నీళ్ళకి మాత్రం ఇవేం తెలీవు. సరే, ఆ డాక్టర్లకంటే ముందు కనిపెట్టింది రైతులు. రైతులకంటే ముందు చెప్పింది ఎడ్లు. దుక్కికి కట్టిన ఎద్దు కీళ్ళు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగెయ్యలేకపోతా ఉంటే నెల్లూరు జిల్లా రైతులు గమనించారని, మనుషుల్లో సంగతి ఆ తర్వాత తెలిసిందని ఫ్లోరోసిస్ గురించి, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి రాసినోళ్ళు చెప్తారు. ఈ ఎద్దుని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తది.

ఇంగ ఫ్లోరైడ్ నుంచి తప్పించుకోడానికి మనం ఏం చేశాం? ఆర్వో ప్లాంట్లు పెట్టాం. మంచి పనే, నేను తప్పు పట్టను, ఆర్వో ఫ్లోరైడ్‌ని బాగానే తీసేస్తది. ఇప్పుడు ఏ ఊరికి పో, పొద్దున్నే ఆటో వస్తది, ఇరవై లీటర్ల క్యాన్లు దించుతారు, ఖాళీవి ఎక్కించుకోని పోతారు. ఆ క్యాన్ ఎన్నేళ్ళ నుంచి తిరగతా ఉందో ఎవరికీ తెల్దు. గీతలు పడి, అడుగు తెల్లగా మసకబారి, మే నెల ఎండలో ఆటో మీద వేడెక్కి అట్టా తిరగతానే ఉంటది. లోపల పీచు పెట్టి రుద్ది కడగతారు. అంటే ఏంది, క్యాన్‌ని రోజూ లోపల సానబడతా ఉండాం. ప్లాస్టిక్‌ని రుద్దినా, ఎండబెట్టినా, వేడి చేసినా పొడి రాలుద్ది, దీనికి పెద్ద సైన్సు అక్కర్లా, మీ ఇంట్లో పాత ప్లాస్టిక్ కుర్చీని ఎండలో రెండేళ్ళు వదిలేసి చెయ్యి పెట్టి చూడండి.

ఆ పొడినే మైక్రోప్లాస్టిక్ అంటాం, 5 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే. ఇంగ్లండ్‌లో ప్లిమత్ యూనివర్సిటీలో రిచర్డ్ థాంప్సన్ అనే ఆయన 2004లో సముద్రం ఒడ్డు ఇసకలో, నీళ్ళల్లో ఈ కంటికి కనపడని ముక్కల్ని చూపించి సైన్స్ అనే పత్రికలో పేపరు రాశాడు, ఆ మాట లోకానికి పాకింది అప్పుడే. ఇంకా చిన్నవి, మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు కంటే తక్కువుంటే నానోప్లాస్టిక్ అంటారు. 2024 జనవరిలో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు సీసా నీళ్ళు లేజర్ పెట్టి చూశారు. లీటరుకి సగటున 2 లక్షల 40 వేల ముక్కలు, అందులో పదికి తొమ్మిది పాళ్ళు నానోవే. ఇందులో నాకు బాగా నచ్చింది, నచ్చిందంటే ఏడవాలో నవ్వాలో తెలీనిది, ఆ ముక్కల్లో పాలీఅమైడ్, అంటే నైలాన్ జాతి ప్లాస్టిక్, బాగా కనపడింది, అది బాటిల్ ప్లాస్టిక్ కాదు, నీళ్ళని శుద్ధి చేసే ఫిల్టర్ల నుంచి వచ్చి ఉంటదని వాళ్ళ అనుమానం. శుభ్రం చేసేదే కొంత కలుపుతా ఉంది.

ఆగండాగండి, ఈ లక్షల లెక్క విని రేపట్నుంచి నీళ్ళు మానేస్తామంటే ఎట్టా. ముక్కల సంఖ్య వేరు, బరువు వేరు. నానో ముక్కలు లక్షలున్నా తూకానికి చిటికెలో వెయ్యో వంతు కూడా ఉండవు. వాట్సాప్‌లో తిరగతా ఉంటది చూడండి, మనిషి వారానికి ఒక ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ తింటా ఉండాడని, 5 గ్రాములని. 2019లో వచ్చింది ఆ మాట. తర్వాత వేరే సైంటిస్టులు లెక్క వేస్తే మైక్రోగ్రాముల్లో తేలింది, మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు, అంటే లక్షల రెట్లు తక్కువ. ఇప్పటికీ మీటింగుల్లో ఆ కార్డు జేబులోంచి తీసి చూపిస్తా ఉంటారు. నేను చూపించను.

నా తల కొట్టుకున్న కథ ఒకటి చెప్తా. కాలేజీలో ఉన్నప్పుడు ఫైనలియర్ పిల్లలతో ఉప్పు ప్రాజెక్టు చేశాం. ఇస్కపల్లి వైపు ఉప్పు కయ్యల్లోంచి గల్లుప్పు తెచ్చాం, షాపులో ప్యాకెట్ ఉప్పు కొన్నాం, డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి ఫిల్టర్ పేపర్ మీద వడగట్టి మైక్రోస్కోప్ కింద పెడితే నీలం రంగు పోగులు, ఒకటా రెండా, పేపరంతా. నాకు ఆనందం పట్టలా. పోస్టరు రాసేశాం, పెద్దక్షరాలతో, మన ఉప్పులో ప్లాస్టిక్ అని. అప్పుడు ఒకమ్మాయి, వెనక బెంచీ పిల్ల, ఎప్పుడూ నోరెత్తేది కాదు, సార్ ఉప్పు వెయ్యకుండా ఉత్త నీళ్ళు వడగట్టి చూశామా అని అడిగింది. చూడలా. చూశాం. అవే నీలం పోగులు, దాదాపు అన్నే. ఇంతకీ ఆ రెండు వారాలు నేను ల్యాబుకి వేసుకొచ్చింది నీలం టెర్లిన్ చొక్కా, టెర్లిన్ అంటే పాలిస్టర్, అదీ ప్లాస్టిక్ పోగే. ఉప్పులో దొరికింది నేను! పోస్టరు చింపేశాం. ఆ పిల్ల ఇప్పుడు మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తా ఉంది, ఆడ ఉండాల్సిందే ఆమె.

ఇది నవ్వుకోడానికి చెప్పలా. ఈ సబ్జెక్టులో గొడవంతా ఇదే. గాల్లో పోగులు, చొక్కాలో పోగులు, గ్లౌజుల్లో, పైపెట్లలో, అంతా ప్లాస్టిక్. ప్లాస్టిక్ లోకంలో కూచోని ప్లాస్టిక్ వెతకాల. అందుకని ఏ అంకె చూసినా మన వెనక బెంచీ పిల్ల అడిగిందే అడగాల, ఉత్త నీళ్ళల్లో ఎంత వచ్చిందీ అని.

ఉప్పు మాట వచ్చింది గాబట్టి, 2024లో ఢిల్లీలో టాక్సిక్స్ లింక్ అనే సంస్థ మన దేశంలో దొరికే పది రకాల ఉప్పు, ఐదు రకాల చక్కెర పరీక్ష చేస్తే అన్నిట్లో ఉండాయి. ఎక్కువగా అయోడైజ్డ్ ఉప్పులో, కిలోకి 89 ముక్కలు. సరే, మనిషి రోజుకి పది గ్రాములు తింటాడనుకో, అదీ ఎక్కువే, బీపీ ఉన్నోళ్ళు వినండి, రోజుకి ఒక్క ముక్క కూడా పడదు. అయితే వాళ్ళు చూసింది 0.1 మిల్లీమీటరు పైన ఉన్నవే, దాని కింద ఉండే పొడి ఆ లెక్కలో లేదు. ఉప్పు కంటే నాకు భయం టీ బంకు. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు 2020లో పేపర్ కప్పుల మీద చేశారు. పేపర్ కప్పంటాం గాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటది, లేకపోతే టీ కారిపోదా. వంద మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పోసి పావుగంట ఉంచితే 25 వేల ముక్కలు. మన దగ్గర దానికంటే ముందుకు పొయ్యాం, పొగలు కక్కే టీ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు, కర్రీ పాయింట్‌లో చారు, పప్పు, చేపల పులుసు కూడా అంతే, సలసలా కాగేది చింతపండు పులుపుతో, నూనెతో, కవర్లో. నెల్లూరు చేపల పులుసుకి ఇంతకంటే అవమానం ఉందా. స్టీలు క్యారేజీ పట్టుకోని పోతే ఏమన్నా నామోషీనా మనకి?

ఇంకోటి, ఇది మన పొగాకు రైతులకి. పొగాకు చెక్కులో, అంటే బేలులో, ప్లాస్టిక్ దారం, గోతాం పోగు కనపడకూడదు, ఎన్.టి.ఆర్.ఎం., అంటే పొగాకు కాని చెత్త, లేకుండా చూసుకోండి అని పొగాకు బోర్డు వాళ్ళు చెప్తానే ఉంటారు గదా. సిగరెట్‌లోకి పొయ్యే ఆకులో ప్లాస్టిక్ పోగు ఉండకూడదు, బాగుంది. కానీ ఆ సిగరెట్ చివర ఫిల్టరుంది చూశారా, దూది అనుకుంటాం, అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. తాగి రోడ్డు మీద పారేసేది అదే. (నవ్వులు)

మరి ఒంట్లోకి పోతే ఏమైద్ది? నాకు తెలిసినంత ఉన్నదున్నట్టు చెప్తా. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం చూస్తే 17 మందిలో ప్లాస్టిక్ ఆనవాళ్ళు దొరికాయి. దానికి ముందేడు ఇటలీలో మాయలో, బిడ్డతో పాటు వస్తదే ఆ మాయలో, ఆరు చూస్తే నాలుగిట్లో. 2024లో మళ్ళీ ఇటలీ వాళ్ళే, మెడలో రక్తనాళం పూడుకుపోయి ఆపరేషన్ చేయించుకున్నోళ్ళ కొవ్వు గడ్డలు తీసి చూశారు, 257 మందిలో 150 మందికి పాలిథీన్ ఉంది, వాళ్ళని దాదాపు 34 నెలలు కనిపెట్టుకోని ఉంటే ప్లాస్టిక్ ఉన్నోళ్ళకి గుండెపోటు, పక్షవాతం, చావు, ఈ మూడింట్లో ఏదో ఒకటి వచ్చే రిస్కు నాలుగున్నర రెట్లు ఎక్కువ కనపడింది. ఇది మామూలు మాట కాదు. కానీ ప్లాస్టిక్ వల్లే వచ్చిందని అందులో రుజువు కాలా, రెండూ కలిసి కనపడ్డాయి, అంతే. ప్లాస్టిక్ ఎక్కువగా తగిలే మనిషికి పొగ, తిండి, పని కూడా తేడాగా ఉండొచ్చు. 2025లో మెదడులో లివర్ కంటే ఎక్కువుందని న్యూ మెక్సికో వాళ్ళు రాశారు, దాని మీద కెమిస్టులు కొందరు ఏమన్నారంటే మెదడులో కొవ్వు ఎక్కువ, ముక్కని కాల్చి చూసే ఆ మెషీన్‌లో కొవ్వు కాలితే పాలిథీన్ లాగే కనపడొచ్చు అని. చూశారా, మళ్ళీ నా నీలం చొక్కా. పెద్ద యూనివర్సిటీల్లో కూడా అదే పంచాయితీ.

సరే ఇప్పుడు ఎద్దు దగ్గరికి వద్దాం. అమెరికాలో వెస్ట్ వర్జీనియా అనే రాష్ట్రం, పార్కర్స్‌బర్గ్ అనే ఊరు. విల్బర్ టెనెంట్ అనే పశువుల రైతు. కుటుంబం పొలంలో కొంత పక్కనున్న డ్యూపాంట్ కంపెనీకి అమ్మారు, వాళ్ళు ఆడ చెత్త పూడ్చారు, దాని పక్కనుంచి పారే వాగులో నీళ్ళు తాగే ఆవులు ఒకటొకటే బక్కచిక్కి చచ్చిపోతా వచ్చాయి. ఆయన వీడియోలు తీశాడు, చచ్చిన ఆవుల్ని కోసి లోపల చూశాడు, ఊళ్ళో డాక్టర్లు, లాయర్లు ఎవరూ పట్టించుకోకపోతే 1998లో రాబర్ట్ బిలాట్ అనే లాయర్‌ని పట్టుకున్నాడు, ఆ లాయరేమో అప్పటిదాకా కెమికల్ కంపెనీల తరఫున వాదించినాయన. కేసులో కాగితాలు తిరగేస్తే బయటపడింది పీఎఫ్ఓఏ అనే పదార్థం, టెఫ్లాన్, అంటే నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పొర, దాని తయారీలో వాడేది.

ఇదేందో తెలుసా మీకు? మన ఫ్లోరినే. మన బావుల్లో ఉండేది ఫ్లోరైడ్, రాయిలోంచి నీళ్ళల్లోకి కరిగే ఉప్పు లాంటిది. వీళ్ళు చేసింది ఫ్లోరిన్‌ని తీసుకోని కార్బన్‌కి కట్టేశారు. ఆ రెండింటి ముడి కర్బన రసాయనాల్లో ఉండే ఒంటి బంధాలన్నిట్లోకీ గట్టిది. అందుకే నూనె అంటదు, నీళ్ళు అంటవు, వేడికి పోదు, బాక్టీరియా కొరకలేదు. పెనం మీద దోశ అంటుకోకపోవడం ఎంత సుఖమో, భూమిలో పడ్డాక కుళ్ళకపోవడం అంత తంటా. ఇట్టాంటివి వేల రకాలు, అన్నిటికీ కలిపి పీఫాస్ అని పేరు. వానకోటు, మరకలంటని గుడ్డ, నూనె పీల్చని కాగితం, మంటలార్పే నురుగు, అన్నిట్లో వాడారు. మనిషి రక్తంలోకి పోతే పీఎఫ్ఓఏ సగానికి తగ్గడానికే రెండు మూడేళ్ళు పడద్ది. ఆ కేసు రాజీలో భాగంగా చుట్టుపక్కల దాదాపు 69 వేల మంది రక్తం తీసి సైంటిస్టులు చదివారు. ఆరు జబ్బులకి సంబంధం ఉందని తేల్చారు, కిడ్నీ కాన్సరు, వృషణాల కాన్సరు, థైరాయిడ్, కొలెస్ట్రాల్, పేగుపూత, గర్భిణీలకి బీపీ. 2023లో అంతర్జాతీయ కాన్సర్ సంస్థ పీఎఫ్ఓఏని మొదటి గ్రూపులో పెట్టింది, అంటే కాన్సర్ తెస్తదని ఖాయం చేసిన గ్రూపు. 2024లో అమెరికా వాళ్ళు తాగే నీళ్ళకి పెట్టిన హద్దు లీటరుకి 4 నానోగ్రాములు. మన ఫ్లోరైడ్‌కి లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటాం. రెంటికీ తేడా లెక్కేసుకోండి, 3 లక్షల 75 వేల రెట్లు.

పెనం పారెయ్యాలా అని ఆడోళ్ళు అడగతారు, ముందే చెప్తా. పెనం మీద పొర మీ కడుపులోకి పోయినా అరక్కుండా బయటికి పోద్ది, ఖాళీ పెనం మాడ్చకుండా ఉంటే చాలు. నష్టమంతా దాన్ని తయారుచేసే చోట, ఆ కాలవలో, ఆ వాగు నీళ్ళు తాగే గొడ్డుకి. సుఖం ఒకరిది, వాగు ఇంకొకరిది.

పొద్దున్నే వీధులు ఊడ్చి కవర్లు, పాత వైర్లు కుప్పేసి అగ్గి పెడతారు చూడండి, మన ఊళ్ళో ఇప్పటికీ. నాకు మైక్రోప్లాస్టిక్ కంటే దాని మీద కోపం ఎక్కువ. వైర్ల మీద ఉండే పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి. స్టాక్‌హోమ్‌లో 2001లో దేశాలన్నీ కూచోని ముందు ఆపాల్సిన పన్నెండు విషాలని ఒక జాబితా రాశారు, డీడీటీ ఉంది అందులో, ఈ డయాక్సిన్లూ ఉండాయి, మన దేశం 2006లో ఒప్పుకుంది. మనిషి కొవ్వులో చేరితే సగం తగ్గడానికి 7 నుంచి 11 ఏళ్ళు. ఫ్యాక్టరీలు లేని ఊళ్ళో కూడా పదిరూపాయల రాగి కోసం వైరు కాల్చి దాన్ని మనమే తయారుచేసుకుంటా ఉండాం. దీనికి ఏ యూనివర్సిటీ పేపరూ అక్కర్లా, ఇది ఖాయంగా తేలిపోయిన సంగతి, రేపు పొద్దున ఆపొచ్చు.

ఏమన్నా అడగండి. ఆ, చెప్పమ్మా.

(ఒకామె: చేపలు, రొయ్యలు తినొచ్చా సార్? మా పిల్లోడు వద్దంటా ఉండాడు యూట్యూబ్ చూసి.)

తినండమ్మా, నేనూ తింటా. చేపలో ప్లాస్టిక్ ఎక్కువగా పేగులో ఉంటది, మనం పొట్ట చీల్చి తీసేస్తాం గదా. రొయ్యకి నడుం మీద నల్ల నరం ఉంటదే, అది నరం కాదు, పేగే, లాగేయండి. ఎండు నెత్తళ్ళు మాత్రం పొట్టతోనే తింటాం, అవి తినేముందు తల, పొట్ట గిల్లేస్తే మంచిది. మా ఇంట్లో గిల్లరు, రుచి పోద్దంట. ఆ బాబూ, నువ్వు.

(ఒకతను: నీళ్ళు మరగబెడితే ప్లాస్టిక్ పోద్దా మాస్టారూ?)

మంచి ప్రశ్న. 2024లో చైనాలో గ్వాంగ్‌జౌ వాళ్ళు చేశారు. గట్టి నీళ్ళు, అంటే సున్నం ఎక్కువున్న మన లాంటి నీళ్ళు మరగబెడితే గిన్నె అడుగున తెల్లటి పొర కడద్ది గదా, ఆ సున్నం గడ్డకట్టేటప్పుడు ప్లాస్టిక్ ముక్కల్ని లోపల పట్టేసుకుంటది. చల్లార్చి వడగడితే ముక్కలు 90 శాతం దాకా తగ్గాయి. సున్నం తక్కువున్న నీళ్ళల్లో అయితే పాతిక శాతమే. మన బోరు నీళ్ళతో బట్టలుతికితే సబ్బు నురగ రాదని తిట్టుకుంటాం, ఇక్కడ పనికొచ్చాయి. మరగబెట్టేది స్టీలు గిన్నెలో, వడగట్టేది నూలు గుడ్డతోనో కాఫీ ఫిల్టర్ పేపర్‌తోనో, నైలాన్ జల్లెడతో కాదు. కానీ నాయనా మీదేవూరు?

(అతను: వలేటివారిపాలెం దగ్గర సార్, బోరు నీళ్ళే తాగతాం.)

అయితే నువ్వు మరగబెట్టమాక ముందు. ఫ్లోరైడ్ మరగబెడితే పోదు, నీళ్ళు ఆవిరైపోయి ఉన్న ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడద్ది. మా అమ్మ బతికినంతకాలం మరిగించి ఇచ్చేది మాకు, మంచిదని. ముందు ఫ్లోరైడ్ ఎంతుందో చూపించుకో. లీటరు నీళ్ళు పట్టుకోని రా, నేను ల్యాబుకి పంపిస్తా. గాజు సీసాలో మాత్రం తేమాక, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తది, లెక్క తప్పుద్ది, దానికి ప్లాస్టిక్ బాటిలే కావాల.

(నవ్వులు)

నవ్వమాకండి, నిజం చెప్తా ఉండా. మైక్రోప్లాస్టిక్ కూడా చూపించాలంటే దానికి గాజు సీసా. రెండు సీసాలు తీసుకురా, మీద పేరు, బోరు ఎన్నడుగులో రాయి. టెర్లిన్ చొక్కా వేసుకోమాక వచ్చేటప్పుడు.